పాత రాక్ పాటకు ఆయుష్షు ఎక్కువా? బరంపురం మెలోడీ స్టేజీ మీద తెగని తగాదా

బరంపురంలో తెలుగువాళ్ల పెళ్లి రిసెప్షన్ అంటే స్టేజీ మీద మెలోడీ ఉండాల్సిందే. ఆంధ్రలో ఆర్కెస్ట్రా అనేదాన్ని ఒడిశాలో మెలోడీ అంటారు. భోజనాలు సగానికి వచ్చేసరికి కిందనుంచి చీటీలు మొదలవుతాయి. "ఒక పాత పాట" అని ఉంటుంది చీటీలో, అంతే. పంపిన మనిషిని చూసి గాయకుడు అర్థం చెప్పుకోవాలి. తెలుగు పెద్దాయనైతే ఘంటసాల, ఒడియా పెద్దాయనైతే అక్షయ మహంతి, ఇంజనీరింగ్ హాస్టల్లో గిటారు పట్టిన మేనమామైతే 1970ల నాటి ఇంగ్లీషు రాక్.

ఆ మేనమామ దగ్గరే తగాదా మొదలవుతుంది. "ఇవి యాభై ఏళ్లయినా చావలేదురా, మీ పాటలు మూడు నెలల ముచ్చట" అంటాడాయన. "అది నీ వయసు మాట్లాడుతోంది మామయ్యా" అంటాడు మేనల్లుడు. ఫోన్లు బయటికొస్తాయి, ఇద్దరికీ అంకెలు దొరుకుతాయి. రెండూ నిజమైన అంకెలే. కాకపోతే అవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

ముందు మాటలు విడదీద్దాం

రాక్ అంటే ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ సెట్టు, గొంతు. తాళంలో నాలుగు దెబ్బలుంటే రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా స్నేర్ డ్రమ్ పడుతుంది. 1950లలో అమెరికాలో పుట్టి, 1960ల మధ్యనుంచి 1990ల దాకా పాశ్చాత్య దేశాల్లో రాజ్యం చేసింది. పాప్ అనేది అలాంటి బాణీ పేరు కాదు, ఎక్కువమంది వింటున్న పాటకు పెట్టిన పేరు. 1975లో రాక్ పాటే చాలాసార్లు పాప్ కూడా. కనుక "పాత రాక్, కొత్త పాప్" అన్న పోటీలో ఒకవైపు ఒక బాణీ ఉంది, రెండోవైపు ఒక కాలం ఉంది. తూకం మొదట్లోనే వంకర.

"పాత" అన్నమాట ఇంకా జారుడుది. మామయ్యకు పాత అంటే నలభై, యాభై ఏళ్లు. సంగీత వ్యాపారంలో లెక్కలు కట్టేవాళ్లకు పద్దెనిమిది నెలలు దాటితే పాతే.

ఇక "నిలవడం". పాటను ఇప్పటికీ వింటున్నారా, వినగానే గుర్తుపడుతున్నారా, స్టేజీ మీద వాయిస్తున్నారా, దానిమీద డబ్బు వస్తోందా? ఈ నాలుగూ వేరువేరు. ఒక్కోదాంట్లో గెలిచేది ఒక్కో పాట.

నూటికి డెబ్బై అన్న అంకె వెనుక

మామయ్య చూపించే అంకె ఇది: అమెరికాలో జనం వినే సంగీతంలో పాతదాని వాటా 2021లో దాదాపు 70 శాతం, 2022లో 72 శాతం దాటింది. లూమినేట్ అనే సంస్థ ఏటా కట్టే లెక్క. అంకెలో అబద్ధం లేదు. అయితే అక్కడ "కేటలాగ్" అంటే విడుదలై పద్దెనిమిది నెలలు దాటిన ప్రతి పాటా. నిరుడు కాక మొన్నటేడు వచ్చిన పాప్ పాట కూడా 1970ల రాక్ బృందాలు క్వీన్, పింక్ ఫ్లాయిడ్ పాటలున్న గంపలోనే పడుతుంది. ఆ 72లో 1970ల రాక్ ఎంత అన్నది ఈ అంకె చెప్పదు.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. జనం అభిరుచి ఇసుమంత మారకపోయినా పాతదాని వాటా పెరుగుతూనే పోతుంది. లెక్క వేసి చూడండి. ఏ ఏడాది పాటలైనా మొదటి ఏడు 100 గంటలు, రెండో ఏడు 40, మూడో ఏడు 20, ఆ తర్వాత ఏటా 10 గంటల చొప్పున వింటారనుకుందాం. అన్ని తరాల పాటలకూ ఇదే సూత్రం, ఎవరికీ ఎక్కువ ఆయుష్షు లేదు. సంగీతం నిల్వ చేయడం మొదలై అయిదేళ్లే అయిందనుకోండి: కొత్తవి 100, పాతవి 40, 20, 10, 10 కలిపి 80. పాతదాని వాటా 44 శాతం. అదే నిల్వకు యాభై ఏళ్లయితే కొత్తవి అదే 100, పాతవి 40, 20, ఆపైన నలభై ఏడు పదులు, మొత్తం 530. వాటా 84 శాతం!

అంటే గాదె పెద్దదైంది, అంతే. ఏ గింజా మునుపటికంటే గట్టిపడలేదు. ఒకప్పుడు పాత పాట వినాలంటే క్యాసెట్టు కొనాలి, లేదా ఆకాశవాణి వేసేదాకా ఆగాలి. ఇప్పుడు 1965 పాటా నిన్నటి పాటా ఒకే వేలి దూరంలో ఉన్నాయి. ఈ సౌకర్యం కూడా పాత పాటల ఖాతాలోనే జమ అవుతుంది.

ఇంతటితో మామయ్య ఓడిపోయినట్టు కాదు. పై లెక్కలో మూడేళ్ల తర్వాత ప్రతి ఏడాది పాటలకూ 10 గంటలే ఇచ్చాం. నిజంలో 1970లవి 15కు ఎక్కుతున్నాయా, 2010లవి 5కు పడిపోతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. దానికి మొత్తం వాటా చూస్తే జవాబు రాదు, ఏ ఏటి పాటలను ఆ ఏటి పాటలుగా విడదీసి చూడాలి.

చెరిగిన బియ్యం, చెరగని ధాన్యం

1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ రాక్ ఉత్సవం జరిగింది. రాక్ చరిత్ర రాసేవాళ్లందరూ మొక్కే ఏడాది. ఆ ఏడు అమెరికా పాటలకు స్థానాలు కట్టే బిల్‌బోర్డ్ పత్రిక వార్షిక పట్టికలో మొదటి స్థానం మాత్రం ఏ రాక్ దిగ్గజానిదీ కాదు, ఆర్చీస్ అనే కార్టూన్ బ్యాండు పాడిన "షుగర్, షుగర్"ది. 1975లో క్వీన్ "బొహీమియన్ రాప్సొడీ" వచ్చింది. బ్రిటన్‌లో ఆ ఏడు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ మాత్రం బే సిటీ రోలర్స్ పాడిన "బై బై బేబీ". దాన్ని స్టేజీ మీద వేయమని రాయగడలోనో పర్లాకిమిడిలోనో చీటీ పంపేవాడిని వెతికి పట్టుకోవడం కష్టం.

1970లను తలుచుకున్నప్పుడు మన చేతిలో ఉండేది యాభై ఏళ్లపాటు చేటలో చెరిగిన బియ్యం. తాలూ తవుడూ ఎప్పుడో ఎగిరిపోయాయి. ఈ ఏటి పాటలు కళ్లంలో ఉన్న ధాన్యం: రాళ్లు, గడ్డి, మట్టిబెడ్డలు అన్నీ అందులోనే. ఈ రెండు బస్తాలూ పక్కపక్కన పెట్టి "ఆ కాలపు పంటే పంట" అనడం రైతు ఎవడూ చేయని పని, సంగీతాభిమానులు మాత్రం రోజూ చేస్తారు. గణాంక శాస్త్రంలో దీన్ని బతికినవాటినే లెక్కించే పొరపాటు అంటారు.

మరి కొత్త ధాన్యం రాశి ఎంత? రోజుకు దాదాపు 60,000 పాటలు తమ దగ్గరికి చేరుతున్నాయని పాటల యాప్ స్పాటిఫై 2021లోనే చెప్పింది. అంత రాశిలో యాదృచ్ఛికంగా తీసిన గింజ తాలే అవుతుంది. గట్టి గింజలు అందులో ఎన్నున్నాయో చెరిగితేగానీ తెలియదు, చెరగడానికి కాలం పడుతుంది.

పట్టికను ఎవరు గీశారు?

మేనల్లుడు చూపించే అంకె చార్టు: "చూడు మామయ్యా, మొదటి వందలో నీ బ్యాండు ఏది?" ఇందులోనూ మెలిక ఉంది. చార్టులు కొత్త పాటకు చోటు ఉండేలా గీసినవి.

పింక్ ఫ్లాయిడ్ "డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" 1973 మార్చిలో వచ్చింది. 1973, 1988 మధ్య బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో 741 వారాలు ఉంది. 1991లో బిల్‌బోర్డ్ పాత ఆల్బమ్‌లను ప్రధాన పట్టిక నుంచి తీసి వేరే కేటలాగ్ పట్టికలో పెట్టింది. 2009 చివర్లోగానీ వాటిని వెనక్కి రానివ్వలేదు. అంటే పద్దెనిమిదేళ్లపాటు ఎంత అమ్ముడైనా పాత ఆల్బమ్ పెద్ద పట్టికలో కనబడదు. పాటల పట్టికలోనూ ఇలాంటిదే చాలా ఏళ్లు నడిచింది: ఇరవై వారాలు దాటిన పాట యాభయ్యో స్థానం కిందికి జారితే తీసేస్తారు.

బ్రిటన్ పద్ధతి మరో రకం. 2018లో పెట్టిన లెక్క ప్రకారం చందా కట్టి ఆన్‌లైన్‌లో వినేవాళ్ల 100 వినికిడులు ఒక అమ్మకంతో సమానం. పాట ముదిరి వినికిడి తగ్గుముఖం పట్టినా, విడుదలై మూడేళ్లు దాటినా, 200 ఉంటేగానీ ఒక అమ్మకం కాదు. వారానికి 60 లక్షల వినికిడులున్న కొత్త పాటకు 60,000 మార్కులు పడితే అంతే విన్న పాత పాటకు 30,000. బ్రిటిష్ గాయని కేట్ బుష్ 1985 నాటి పాట "రన్నింగ్ అప్ దట్ హిల్" 2022లో ఒక టీవీ సీరియల్ పుణ్యమా అని మళ్లీ లేచినప్పుడు ఈ సగం కోత నుంచి దానికి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. ముప్పై ఏడేళ్ల తర్వాత అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. విడుదలైనప్పుడు మూడోస్థానం దాటలేదు.

కాబట్టి చార్టులో పాత పాట లేకపోతే చచ్చిందని అర్థం కాదు, గుమ్మం దగ్గర ఆపేసి ఉండవచ్చు.

స, ప చాలు: స్టేజీ మీద ఏం జరుగుతుంది

ఇంతదాకా లెక్కలు. పాట కట్టుబడిలోనే ఆయుష్షు ఉందా అన్నది వేరే సంగతి. నా అంచనాలో పాత రాక్‌కు నిజమైన బలం ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. దీన్ని ఎవరూ సరిగా పట్టించుకోరు.

గిటారును డిస్టార్షన్‌లో (ధ్వనిని కావాలని గరగరలాడించే అమరికలో) పెట్టి పూర్తి కార్డు (స, గ, ప కలిపి) వాయిస్తే ముద్దముద్దగా వినిపిస్తుంది. అందుకే రాక్ వాద్యగాళ్లు గాంధారం వదిలేసి షడ్జమం, పంచమం రెండే వాయిస్తారు. దీన్నే పవర్ కార్డు అంటారు. మన తంబురా శ్రుతి కూడా ఆ రెండు స్వరాలే. కారణం లెక్కలో ఉంది. స 110 హెర్ట్జ్ అయితే ప దాదాపు 165. డిస్టార్షన్‌లో పడిన రెండు స్వరాలు తమ తేడాను కూడా కొత్త స్వరంగా పుట్టిస్తాయి: 165లో 110 పోతే 55, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జమం. మొత్తం 275, అది కూడా ఆ 55కు అయిదో రెట్టే. అన్నీ ఒకే కుటుంబం. గాంధారం కలిపితే గిటారులో అది 138.6 దగ్గర ఉంటుంది, తేడా 28.6. ఆ స్వరానికి దేనితోనూ చుట్టరికం లేదు, అందుకే బురద.

రెండు తీగల మీద వాయించిన రిఫ్, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటారు వరస, తన కింద తానే బేస్ పరుచుకుంటుంది. గుణుపురంలో చిన్న ఫంక్షన్ హాల్లో రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు, ఆరు ఛానళ్ల మిక్సరు ఉన్నా రిఫ్ రిఫ్‌లాగే వినిపిస్తుంది.

ఇప్పటి పాప్‌లో చాలా పాటలకు వెన్నెముక లోతైన సబ్-బేస్. 1980లో వచ్చిన రోలాండ్ ఎయిట్-ఓ-ఎయిట్ డ్రమ్ మెషీన్ కిక్ నుంచి పుట్టిన ధ్వని, 45 నుంచి 55 హెర్ట్జ్ దగ్గర దాదాపు శుద్ధంగా, పైస్వరాలు లేకుండా ఉంటుంది. హెడ్‌ఫోన్లో గుండె అదురుతుంది. సబ్-వూఫర్ లేని సెట్టులో ఆ స్వరం అసలు పలకదు, పాట కింద నేల తొలగించినట్టవుతుంది. తెలిసిన కీబోర్డు వాద్యగాడు ఆ బేస్ వరసను ఒక స్థాయి పైన, కాస్త గరగర ఉన్న ధ్వనితో కలిపి వాయించి నెట్టుకొస్తాడు. తెలియనివాడు మిక్సర్‌లో లో నాబ్ పూర్తిగా తిప్పుతాడు, స్పీకర్ కోన్ కొట్టుకుంటుంది, హాలంతా బొంయ్ అంటుంది, గొంతు మునిగిపోతుంది. జనం "కొత్త పాటలు ఇంతే" అనుకుని భోజనాలకు లేస్తారు. తప్పు పాటది కాదు, పెట్టెది.

గొంతు విషయమూ అంతే. ఇప్పటి పాప్ రికార్డింగులో ఒకే గాయని గొంతు పదీ ఇరవై ట్రాకుల్లో పేర్చి ఉంటుంది. స్టేజీ మీద ఒక్క గొంతు పాడితే పల్లవి పలచబడుతుంది. పాత రాక్‌లో కూడా పేర్పులు లేకపోలేదు. బొహీమియన్ రాప్సొడీ మధ్యభాగం అంతా పేర్చిన గొంతులే, క్వీన్ వాళ్లు కూడా కచేరీల్లో ఆ భాగానికి టేపే వేసేవాళ్లు! అయినా అదే బృందం 1977లో ఇచ్చిన "వి విల్ రాక్ యూ"కు కావలసింది రెండు కాలి దెబ్బలు, ఒక చప్పట్టు. క్రికెట్ మైదానాల్లో అది ఈనాటికీ మోగడానికి ఇంకో కారణం వెతకనక్కరలేదు.

రాక్‌కు చిక్కులు లేవా అంటే ఉన్నాయి. గాయకులు తారస్థాయిలో పాడినవి కనుక మన గాయకుడు అర స్వరమో ఒక స్వరమో దింపమంటాడు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కితే అయిపోతుంది, గిటారుకు ఆరు తీగలూ దించాలి. కీబోర్డు దించి గిటారు దించకపోతే మొదటి కార్డుకే పెళ్లివారు చెవులు మూసుకుంటారు. ఇంకోటి వేగం. ఆనాటి రికార్డింగులు చాలావరకు మెట్రోనోమ్ టిక్కు లేకుండా వాయించినవి, చరణానికీ సోలోకూ మధ్య వేగం కాస్త పెరుగుతుంది. దానిమీద స్థిరమైన ప్యాడ్ బీటు పెడితే రెండు నిమిషాల్లో జారిపోతుంది. నిదానంగా మొదలయ్యే పాటలతో మూడో చిక్కు. "హోటల్ కాలిఫోర్నియా"లో గొంతు రావడానికి యాభై సెకన్లు పడుతుంది. బజారు ఊరేగింపులో ఆ యాభై సెకన్లూ ఆటో హారన్లకే అంకితం.

పాట మొదలుపెట్టే తీరు మీద ఒక కొలత కూడా ఉంది. 1986 నుంచి 2015 దాకా అమెరికా మొదటి పది స్థానాల పాటలను పరిశీలించిన ఊబేర్ లెవేయే గోవ్యాఁ, గొంతు రాకముందు వాద్యభాగం సగటున ఇరవై సెకన్ల పైనుంచి అయిదు సెకన్లకు కుదించుకుపోయిందని చూపాడు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటేనే ఒక వినికిడి కింద లెక్క. శ్రోత ఆలోగా జారిపోకుండా ఉండాలని తొందర. త్వరగా పట్టుకునే పాటే ఎక్కువకాలం పట్టుకుంటుందన్న హామీ లేదు. పట్టుకోదన్న రుజువూ లేదు.

ఇరవై మూడున్నర ఏళ్లు

"అది నీ వయసు" అన్న మేనల్లుడి మాటకు పరిశోధన బలం ఉంది. మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో వేర్వేరు వయసులవాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపించారు. జనానికి అన్నిటికంటే నచ్చినవి తమకు ఇరవై మూడున్నర ఏళ్లు ఉన్నప్పుడు వచ్చిన పాటలు. చదువు, స్నేహాలు, మొదటి జీతం, ప్రేమ, అన్నీ ఆ చుట్టుపక్కలే కదా.

అయితే అప్పటికి పుట్టనివాళ్లు ఎందుకు వింటున్నారు? 2013లో కరోల్ క్రుమ్‌హాన్సెల్, జస్టిన్ జుప్నిక్ ఇరవై ఏళ్ల పిల్లల్లో తమ కాలపు పాటలే కాక అమ్మానాన్నల యవ్వనకాలపు పాటల మీదా మమకారం చూశారు. ఇంట్లో మోగినవి ఒంటబట్టాయి.

ఈ జవాబు అమెరికాకు సరిపోతుంది, మన సరిహద్దుకు సరిపోదు. జయపురంలోనో కోరాపుట్‌లోనో తెలుగింట్లో నాన్న వేసిన క్యాసెట్టు ఘంటసాలదో బాలసుబ్రహ్మణ్యానిదో, పక్కింటినుంచి ఒడియా భజన. ఇంగ్లీషు రాక్ ఇక్కడికి ఇంటి వారసత్వంగా రాలేదు. హాస్టల్లో సీనియర్ల హార్డ్ డిస్కుల్లో, గిటారు క్లాసు పాఠాల్లో వచ్చింది. గిటారు నేర్చుకునేవాడి మొదటి రిఫ్ ఇప్పటికీ చాలాచోట్ల డీప్ పర్పుల్ 1972 నాటి "స్మోక్ ఆన్ ద వాటర్". (దాన్ని పవర్ కార్డుల్లో నేర్పుతారు, అసలు రికార్డులో ఉన్నది ప కింద, స పైన. తలకిందులు చేస్తే రికార్డులా వినిపిస్తుంది.) పాఠ్యపుస్తకంలో ఎక్కిన పద్యం లాంటిదన్నమాట: నచ్చినా నచ్చకపోయినా ప్రతి బ్యాచ్ నోటా తిరుగుతుంది. వాద్యం నేర్పడానికి పనికొచ్చే పాట వినేవాళ్లు తగ్గినా పోదు. ల్యాప్‌టాప్‌లో పేర్చిన పాటకు ఈ దారి ఇరుకు.

గుర్తుపట్టడం మీద న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధన ఇద్దరికీ పని చెబుతుంది. 1940 నుంచి 2015 దాకా మొదటి స్థానాల్లో నిలిచిన పాటలను 600 మందికి పైగా, ఎక్కువగా యువకులకు, వినిపించారు. కొత్త పాటలు బాగా గుర్తుపట్టారు, 2015 నుంచి 2000 వైపు వెనక్కి వెళ్లేకొద్దీ గుర్తింపు చకచకా పడిపోయింది. 1999 నుంచి 1960 దాకా మాత్రం పడలేదు, ఒక మెట్టు మీద నిలబడింది. మామయ్య చప్పట్లు కొట్టవచ్చు. కాకపోతే ఆ మెట్టు దిగితే 1940లు, 50ల పాటలు మళ్లీ జారిపోయాయి. తమ కాలంలో అవీ తిరుగులేనివే.

ఆ మెట్టు ఎందుకు ఏర్పడిందన్నదే తేలలేదు. ఆ నలభై ఏళ్ల పాటలే మేలైనవని ఒక వాదన. ఆనాడు ఉన్న కాసిని రేడియో, టీవీ ఛానళ్లు అందరికీ అవే పాటలు మళ్లీ మళ్లీ వినిపించాయి, తర్వాత ఎవరి ఫోను వారిదైంది అన్నది రెండోది. రెండో వాదన నిజమైతే కొత్త పాట బలహీనం కానక్కరలేదు, దాని శ్రోతలు చెల్లాచెదురయ్యారు. నాకు రెండోదానివైపే మొగ్గు, కొంత మొదటిది కలిపి.

యజమాని ఉన్న పాట

పాట తనంతట తాను నిలబడదు, నిలబెట్టేవాళ్లుంటారు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పాటల రచనా హక్కులను 2020 డిసెంబరులో యూనివర్సల్ సంగీత సంస్థ కొన్నది. మరుసటేడు ఇంకో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల సొత్తంతా సోనీ తీసుకుంది, 50 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ముప్పై ఏళ్లు దాటిన పాట ఆదాయం ఇంకా పెద్దగా తగ్గదు, అద్దె ఇల్లులా ఏటా ఇంత అని అంచనా కట్టవచ్చు. కొత్త పాటది జూదం. కోట్లు పోసినవాడు ఊరుకుంటాడా? సినిమాలకు, ప్రకటనలకు, సీరియళ్లకు ఆ పాటలనే ముందు చూపిస్తాడు. అవి మళ్లీ చెవిన పడతాయి, మళ్లీ వింటారు, "చూశారా, చావలేదు" అంటాం.

అదృష్టం పాలూ తక్కువ కాదు. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 14,341 మందితో చేసిన ప్రయోగంలో పేరులేని బ్యాండ్ల 48 పాటలను విడివిడి గుంపులకు ఇచ్చారు. ఒకదానికి తప్ప మిగతా గుంపులకు తమవాళ్లు దేన్ని ఎన్నిసార్లు దించుకున్నారో కనబడుతుంది. ఒక గుంపులో మొదటి స్థానం వచ్చిన పాటకే ఇంకో గుంపులో నలభయ్యో స్థానం వచ్చింది. మరీ మంచివి అట్టడుగుకు పడలేదు, మరీ చెత్తవి పైకి రాలేదు, నడుమవాటి గతి మాత్రం ఎవరు ముందు క్లిక్ చేశారన్నదాన్ని బట్టే.

మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్లు. 1964 రికార్డింగుకు 2024 డిసెంబరు 31తో సరి. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వేరు, వారి తదనంతరం కూడా అరవై ఏళ్లు. కాబట్టి రికార్డు పాతబడినంత మాత్రాన పాట ఊరుమ్మడి కాదు.

రంగబతి సంగతి

రాక్ కావడం వల్లే నిలిచిందనేవాళ్లు ఒడిశాలో ఉండి "రంగబతి"ని మరిచిపోవడం విచిత్రం. 1970ల సంబల్పురి పాట, మిత్రభాను గౌంతియా రాసినది, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడినది. పశ్చిమ ఒడిశా మాండలికం. గంజాంలో తెలుగువాళ్లకు అందులో సగం మాటలు తెలియవు, అయినా బ్యాండుమేళం ఎత్తుకోగానే అడుగు పడుతుంది. 2015లో కోక్ స్టూడియో అనే టీవీ సంగీత కార్యక్రమంలో సోనా మహాపాత్ర కొత్తగా పాడింది, దాని వెంట హక్కుల గొడవా వచ్చింది. అసలు పాటలో ఎలక్ట్రిక్ గిటారు రిఫ్ ఏదీ లేకుండానే, క్వీన్ పాటకు జరిగినవన్నీ దీనికీ జరిగాయి: వాయించడానికి వీలైన బాణీ, రేడియో, కొత్త రూపం, హక్కుదారులు.

ఇంకా వెనక్కి వెళితే బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర ఉంది. తెలుగు నేతగాళ్ల దేరా కుటుంబాలతో ముడిపడిన పండుగ. అందులో పులివేషం డప్పు వరసకు రికార్డూ లేదు, హక్కుదారూ లేడు, చార్టూ లేదు.

ఒకే వయసులో పోలిస్తే

సరైన పోలిక ఒక్కటే: ఒకే వయసులో రెండు పాటలు. 1975 పాటకు 1995లో ఎంత ఆదరణ ఉందో, 2004 పాటకు 2024లో ఎంత ఉందో చూడాలి. యాభై ఏళ్లదాన్ని అయిదేళ్లదానితో కాదు.

ఇరవై ఏళ్లు నిండేలోపు బొహీమియన్ రాప్సొడీ మళ్లీ లేచింది. 1991లో క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ పోయాక బ్రిటన్‌లో రెండోసారి మొదటి స్థానం, మరుసటేడు ఒక సినిమా వల్ల అమెరికాలో రెండో స్థానం. మొదటిసారి అక్కడ తొమ్మిదే. ఒక చావు, ఒక సినిమా కలిసి పాటను ఎత్తాయి. ఇప్పుడు ఇరవై ఏళ్ల వయసు దగ్గర అమెరికా బ్యాండు కిల్లర్స్ పాట "మిస్టర్ బ్రైట్‌సైడ్"ను చూడండి. 2004లో బ్రిటన్‌లో పదో స్థానం దాటలేదు. ఏళ్ల తర్వాత మళ్లీ ఎత్తిన చావూ లేదు, సినిమా లేదు, పైగా పాత పాటలకు సగం కోత ఉన్న పట్టిక. అయినా అక్కడి మొదటి వందలో 400 వారాలు దాటింది. పైగా అది రాక్ పాటే. "రాక్ ఆనాటితో ఆగిపోయింది" అనేవాళ్లకూ, "కొత్తవి నిలవవు" అనేవాళ్లకూ అది ఒకేసారి అడ్డం వస్తుంది. పాప్ వైపు నుంచి వీకెండ్ అనే గాయకుడి 2019 పాట "బ్లైండింగ్ లైట్స్" అమెరికా పట్టికలో 90 వారాలు ఉండి, స్పాటిఫైలో 400 కోట్ల వినికిడులు దాటింది. దానికింకా ఇరవై రాలేదు.

మన దగ్గర ఇదే కొలత కావాలంటే మెలోడీ గాయకుడి పాటల నోటుబుక్కు చాలు. ప్రతి పాట పక్కన విడుదలైన ఏడాది రాసి, పదేళ్ల కిందటి నోటుబుక్కుతో పక్కపక్కన పెట్టాలి. అప్పటికి పదేళ్ల వయసున్న పాటలు ఎన్ని ఉండేవి, ఇప్పుడు పదేళ్ల వయసున్నవి ఎన్ని ఉన్నాయి? ఇరవైవి, ముప్పైవి? అందులో చీటీ వచ్చినవి వేరు, గాయకుడే సరదాకు పాడేవి వేరు, కనుక రెండో గడి గీయాలి. ఇంగ్లీషు రాక్ ఆ పుస్తకంలో మహా అయితే ఒక పేజీ ఉంటుంది. 1975లో ఇరవై ఏళ్లున్న శ్రోతకు 2035లో ఎనభై వస్తాయి, ఆ పేజీలో అప్పటికి ఎన్ని పాటలకు చీటీ వస్తోందో, ఎవరి చేతిరాతలో వస్తోందో చూస్తే మామయ్య మాట సంగతి తేలుతుంది.